పదకొండు నిమిషాలు ముందున్న మెషీన్

“మెషీన్ అబద్ధం చెప్పదమ్మా” అని ఆమెతో అన్నది నేనే. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది, ముందు నా మీదే.

మేడ్చల్ దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో కంప్యూటర్లు చూసేవాణ్ణి. ప్యాకింగ్‌లో పనిచేసే ఒకామెకు, పొద్దున ఎనిమిదింటి షిఫ్టుకు ఆలస్యంగా వస్తోందని రెండు మెమోలిచ్చారు. మూడోది పడితే ఇంటికే. మిగతావాళ్లు కంపెనీ బస్సులో అరగంట ముందే దిగేవాళ్లు. ఆ బస్సు ఈమె ఉండే సూరారం వైపు వెళ్లదు. ఈమె సిటీ బస్సు దిగి గేటు దగ్గర హాజరు మెషీన్ మీద వేలు పెట్టేసరికి ఎనిమిదికి ఐదు నిమిషాలు తక్కువ. రికార్డులో మాత్రం ఎనిమిదీ ఆరు.

“గోడ గడియారం సూసే లోపలికొస్తున్న సారు. గా మెషీన్ జర సూడుండ్రి” అని బతిమాలింది. తొమ్మిదిన్నరకు చూశాను, సెకను తేడా లేదు. అప్పుడన్నాను ఆ దిక్కుమాలిన మాట.

“నేనొచ్చే టైముకు వచ్చి సూడుండ్రి. మీరొచ్చేది తొమ్మిదింటికి గద” అంది. చురుక్కుమంది. మర్నాడు ముందే వెళ్లాను. నిజంగానే పదకొండు నిమిషాలు ముందుంది.

హాజరు నమోదయ్యేది వర్చువల్ మెషీన్‌లో. అంటే పెద్ద సర్వర్ లోపల సాఫ్ట్‌వేర్‌గా నడిచే ఇంకో కంప్యూటర్. రోజూ ఏడున్నరకు బ్యాకప్ కోసం దాన్ని కాసేపు ఆపేవాళ్లం. మళ్లీ మొదలవగానే అది పెద్ద సర్వర్‌ని టైం అడిగేది. ఆ సర్వర్ గడియారమే తప్పు! తొమ్మిదికి వర్చువల్ మెషీన్ తన టైంని ఇంటర్నెట్‌తో పోల్చుకుని సర్దుకునేది. ఆఫీసర్లు వచ్చేసరికి ఏమీ ఎరగనట్టు ఉండేది.

సరిచేయడానికి పావుగంట పట్టింది. హాజరు చూసే ఆఫీసరుకు అన్నీ చూపిస్తే చీమ కుట్టినట్టయినా లేదు. “ఇప్పుడు కరెక్టుగనే ఉంది గదా. ఆమెకు మాఫీ కాగితం ఇద్దాం” అన్నాడు. కాగితంలో ‘ఆలస్యాన్ని ఈసారికి క్షమించడమైనది’ అని రాశారు. సంతకం పెడితేనే లోపలికి!

ఆమె నాతో రెండుసార్లు చదివించుకుంది. “టైముకే వచ్చిన గద సారు. మాఫీ దేనికి?”

ఆఫీసరు పెన్ను ముందుకు తోశాడు. ఆమె సంతకం పెట్టి, దాని కింద 7.55 అని రాసింది.

“అదేంది?” అన్నాడు ఆఫీసరు.

“నేనొచ్చిన టైము” అంది.