ఇటుక అక్షరాలు

పొద్దున కొత్త ఎనామెల్ రంగు డబ్బా మూత తీయగానే ఘాటు వాసన గుప్పుమంది. ఆ వాసన తగిలితే చాలు, నాకు మస్తాన్ అన్న గొంతు వినిపిస్తుంది. ఫ్లెక్సీలు రాకముందు కళ్యాణదుర్గం గోడల మీది పెద్ద రాతలన్నీ ఆయనవే. గట్టిగా అరిచే మనిషి, తన పనిని తానే మెచ్చుకునే మనిషి. బోర్లు ఎండి, భూములు పోయి, మా వంశానికి పేరూ, ఒక పాత మిల్లూ తప్ప ఏమీ మిగలని రోజుల్లో, ఇస్త్రీ చొక్కాతోనే వెళ్ళి ఆయన దగ్గర పనిలో చేరాను.

ఆయన రాసేవి ఇటుక అక్షరాలు. ముగ్గుపిండి అద్దిన దారంతో గోడంతా గళ్ళు కొట్టి, ఆ గళ్ళలో అక్షరాన్ని దిమ్మెలా నిలబెట్టేవాడు. తలకట్టు అడ్డంగా పెట్టిన పలకలా ఉండేది, సున్నా నలుచదరంగా ఉండేది.

"తెలుగు అక్షరం గుండ్రంగా ఉండాల కదన్నా?" అన్నాను మొదటిసారి చూసి.

"పెండ్లి పత్రికలో ఉండనీప్పా. ఈడ బస్సు పోతాంటాది. కిటికీలోంచి కండ్లకు గుద్దుకోవాల!"

అక్షరం కన్నా ముందు మధ్య సందులు చూడమనేవాడు. సందు ఇరుకైతే దూరానికి పేరంతా ఒకే మరకవుతుంది. రాత పూర్తయ్యాక ఇద్దరం బస్సెక్కి ఆ గోడ ముందు నుంచి పోయేవాళ్ళం. చదవలేకపోతే మళ్ళీ సున్నమే.

నేను పనిలో చేరిన ఏడే, మా తాత కట్టించిన ఆ వేరుశనగ మిల్లు కూడా అమ్ముడుపోయింది. కొన్న హనుమంతప్ప, గోడ మీది మా తాత పేరు తుడిచి తన పేరు రాయమని మస్తాన్ అన్నకే చెప్పాడు.

"నువ్వు రావద్దులేప్పా. నేను సూసుకుంటా."

"ఇంకొకరు తుడిస్తే చూడలేను. నేనే తుడుస్తా," అన్నాను.

సున్నం కొడుతుంటే టీ బంకు దగ్గర ఒకడు నవ్వాడు. "ఏమప్పా చిన్నదొరా, మీ తాతను నువ్వే తుడుస్తాండావే!"

చేయి ఆగిపోయింది. నిచ్చెన దిగి వెళ్ళిపోదామనిపించింది. మస్తాన్ అన్న కింది నుంచి అరిచాడు: "తుడిచేది ఎవడన్నా తుడుస్తాడు. రాసేది సూసి పో, కండ్లుంటే!" తర్వాత నా వైపు తిరిగి, "ఈ పొద్దు నేను బ్రష్ ముట్టను. అంతా నువ్వే రాయి," అన్నాడు.

మొదటి అక్షరం గళ్ళలో కూర్చునేసరికి ఒళ్ళు వేడెక్కింది. ఎర్ర దిమ్మెలు ఒకదాని పక్కన ఒకటి లేస్తుంటే టీ బంకూ, నవ్వూ మరిచిపోయాను. సాయంత్రం బస్సెక్కాం. గోడ దగ్గరకు రాగానే, ముందు సీట్లో ముసలాయన ఎవరూ అడక్కుండానే "హనుమంతప్ప మిల్లు" అని పైకి చదివాడు.

"సదివినాడప్పా! సదివినాడు!" మస్తాన్ అన్న నా వీపు చరిచి బస్సంతా వినేట్టు అరిచాడు. నేనూ అరిచాను. చదివినది మా పేరు కాదని దిగిన తర్వాత గాని గుర్తురాలేదు.

తిరిగి గోడ దగ్గరకు వచ్చాక, తాను సంతకం చేసే కింది మూలను ఆయన ఆ రోజు నాకిచ్చాడు. ఇంటిపేరుతో సహా వంశం పేరంతా రాయాలనుకున్నాను. ఆ లావు అక్షరాలకు జాగా చాలలేదు.

"సన్నగా రాసి ఇరికించేదా అన్నా?"

"ఏమిటికి? పట్టినంతే రాయి. లావుగా రాయి."

నా పేరు 'జయరాం' ఒక్కటే పట్టింది. ఇవాళ్టికీ నా గోడల మూలన అంతే రాస్తాను, అంతే లావుగా.