ఒకే మునుం

పొద్దున్నే కంపెనీ బస్సు ఎక్కగానే డ్రైవరన్న చెప్పాడు. "మీ పక్క మిషన్ అక్క పోయినాదంటమ్మా. నిద్రలోనే." చిలమత్తూరు రోడ్డు మీద మంచు ఇంకా వీడలేదు. అందరం సగం నిద్రలో ఉన్నామేమో, ఆ మాట కలలో విన్నట్టుంది. ఆమె రోజూ ఎక్కే చోట బస్సు అలవాటుగా ఆగింది. ఎవరూ ఎక్కలేదు.

మాది చొక్కాలు కుట్టే కంపెనీ. కాలర్లు అక్కవి. మీలో ఎవరి చొక్కా కాలరైనా మెడ దగ్గర కుదురుగా కూర్చుంటే, అది ఆమె కుట్టిందే కావచ్చు. బోరు ఎండిపోయి, శనక్కాయ పంట చేతికి రాకుండా పోయాక నేను ఈ పనికొచ్చాను. గంటగంటకూ ఎన్ని పీసులయ్యాయో బోర్డు మీద రాస్తారు. అది చూస్తూ కుడితే నాకు కుట్టు పక్కకు పోయేది. "బోర్డుదిక్కు సూడొద్దు మే, సూదిని సూడు. బోర్డు ఏలిని కుట్టదు, సూది కుడతాది," అనేది అక్క.

లైన్ అనే మాట ఆమె నోట ఎప్పుడూ రాలేదు. చేలో కలుపు తీసే కూలీలు వరసగా మునుం పడతారు కదా, మిషన్ల వరసనూ ఆమె మునుమనే అనేది. బెంగళూరు నుంచి వచ్చిన పెద్ద మేనేజరు ఏ లైన్ అని అడిగితే "మూడో మునుం సార్" అంది. అదేదో కొత్త మిషన్ పేరనుకుని ఆయన గంభీరంగా తలూపాడు. మేం నవ్వు ఆపుకోలేక చచ్చాం. అక్క మాత్రం నవ్వులాటకు అనలేదు. మునుంలో ఒకరు వెనకబడితే పక్కవాళ్లు చెయ్యి చాచి ఆమె సాలులోనూ కలుపు పీకుతారు. నాకు ఒళ్లు బాగలేని రోజున నా ముందు పేరుకున్న పీసుల్లో కొన్ని అలాగే ఆమె వైపుకు పోయేవి. ఇన్‌చార్జి అరిస్తే "మునుం వంకర పోగూడదు సార్" అని తన పని తాను చేసుకునేది.

మధ్యాహ్నం అన్నం తిన్నాక కళ్లు మూతలు పడే వేళకు మిషన్లన్నీ ఒక్కసారిగా మొదలవుతాయి. "ఇను మే, వాన పడతాండాది," అనేది. కళ్లు సగం మూస్తే నిజంగానే చేను మీద వాన. పాదాల కింద మట్టి తడిసినట్టుండేది. ఆ వానలో గంటలు ఎటు పోయేవో తెలిసేది కాదు.

లీవు అడగడమూ ఆమే నేర్పింది. మాలో కొందరు లీవు కోసం అవ్వల్ని చంపుతుంటారు. ఒకామె ఒకే అవ్వను రెండుసార్లు చంపి దొరికిపోయింది. "అబద్ధం చెప్పి పోతే ఇంటికాడ కూడా బయంగానే ఉంటాది. నిలబడి నిజం చెప్పల్ల మే," అనేది అక్క. ఈ రోజు నేను నలుగురిలో తడబడకుండా మాట్లాడుతున్నానంటే అది ఆమె చలవే.

ఆ పొద్దున మిషన్ ముందు కూర్చున్నాను గానీ పెడల్ తొక్కబుద్ధి కాలేదు. మధ్యాహ్నంలోపే ఆమెను మట్టి చేస్తారు. మా దగ్గర చావు లీవు సొంతవాళ్లకే ఇస్తారు. చెప్పకుండా పోతే మరుసటి రోజు గేటు తెరవరు, మా ఇల్లు గడిచేది ఈ పని మీదే. ఆమె మా పెద్దమ్మ అని చెబితే చాలు, లీవిస్తారు. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. లేచి ఇన్‌చార్జి ముందు నిలబడ్డాను.

"ఆమె నీకేమవుతాదమ్మా?"

"ఏమీ కాదు సార్. ఒకే మునుం."

ఆయనా ఈ పక్క ఊరి రైతు బిడ్డే. గేట్ పాస్ మీద సంతకం పెట్టి "పోయి రా" అన్నాడు.

నేను వెళ్లేసరికి అక్కకు ఇంకా స్నానం చేయించలేదు. ఇంటి ముందు చాప మీద పడుకోబెట్టారు. షిఫ్టు నుంచి వచ్చి అలాగే నడుం వాల్చినట్టుంది, చెవి పైన జుట్టులో తెల్ల దారం ముక్క ఒకటి చిక్కుకుని ఉంది. తీద్దామని చెయ్యి చాచాను. అది గాలికి సన్నగా కదులుతోంది. తీయలేక పక్కన కూర్చున్నాను.