ప్రూఫ్ కాపీకి పసుపు రాసిన వైనం

ఏకాదశి నాడు, దేవుని పటం ముందు, డెబ్భై మంది భక్తుల చేత ఇరుగుపొరుగు మీద చాడీలు రాగయుక్తంగా పాడించిన ఘనత ఈ జిల్లాలో నాకొక్కడికే ఉంది. కాదనేవాళ్ళెవరైనా ఉంటే కళ్యాణదుర్గం బస్టాండులో నిలబడి అనమనండి, నేనూ వస్తాను. ఆ సర్వనాశనం ఎలా జరిగిందో ఇప్పుడు చెబుతాను. కడుపుబ్బా నవ్వుకోండి. కానీ "నీకెందుకయ్యా ఈ పుస్తకం అచ్చు వేయడాలు" అని మాత్రం అడగకండి. ఆ ప్రశ్నకు నా దగ్గర మర్యాదైన జవాబు లేదు.

మాది కళ్యాణదుర్గానికి దగ్గరి పల్లె. వేరుశనగ విత్తి ఆకాశం వైపు చూడటం మా వృత్తి. అందువల్ల మెడలు ఎప్పుడూ పైకే ఉంటాయి, దేవుడు సులభంగా కనిపిస్తాడు. నాకు మాటలు సరిగా రాకముందే మా నాయన నన్ను భజన మందిరంలో కూర్చోబెట్టి పురాణం వినిపించాడు. అక్కడ నేర్చిన భక్తి నన్ను ఇంతవరకూ వదల్లేదు. నేనూ దాన్ని వదిలే రకం కాదు. ఇంటర్ దాకా చదివిన పాపానికి భజన సమాజంలో రాతపని మొత్తం నా నెత్తిన పడింది.

మా భజనకు పెద్ద తిమ్మప్ప తాత. కళ్ళకు పొరలు కమ్మి చాలా ఏళ్ళయింది. ఆయనకు అరవై పాటలు కంఠస్థం. అవి ఆయన గొంతులోనూ నా నోటుబుక్కుల్లోనూ తప్ప లోకంలో ఇంకెక్కడా లేవు. నాలుగేళ్ళుగా ఆయన పాడుతుంటే నేను రాసుకుంటూ వచ్చాను. నడిమధ్యన పాట, అంచున రాగం, తాళం, ఇంకా ఆ పూట నాకు తోచినవన్నీ. ఇది రెండువేల దశకం చివరి మాట. ఆ చలికాలం తాత దగ్గుతో మంచం పట్టి, ఎలాగో లేచి, నన్ను పిలిపించాడు.

"నరసింహులూ, ఈ పాటలు నాతోనే మట్టిలో కలిసిపోతాయేమోనని బయమైతాందిరా. నాకు చూపు లేకపాయ, చేత్తో తడిమన్నా చూసుకుంటా. ఒక్క పుస్తకం చెయ్యి."

"చేస్తా తాతా. అట్ట మీద నీ పేరు ఇంత లావు అచ్చరాల్లో..."

"ఆ మాటే ఎత్తొద్దు. ఇవన్నీ మా గురువు పాటలు. నా పేరు ఆ పుస్తకంలో యాడన్నా కనిపించిందనుకో, ఆ పొద్దే తాళాలు కింద పెట్టేస్తా. మళ్ళీ ముట్టేది లేదు."

కర్పూరం వెలిగించి మరీ నా చేత ఒట్టు వేయించుకున్నాడు. తాత తాళాలు కింద పెట్టడమంటే మా ఊరికి భజన పోయినట్టే. ఆ భారం నా భుజాన వేసుకుని అనంతపురం బస్సెక్కాను.

టౌనులో పుస్తకాలు అచ్చు వేసే పెద్దమనిషి ఒకాయన నా నోటుబుక్కును రెండు వేళ్ళతో, చచ్చిన ఎలుకను ఎత్తినట్టు ఎత్తాడు.

"వెయ్యి కాపీలకు తక్కువ మిషన్ ఎక్కించమప్పా. అయినా భజన పాటలు ఎవరు చదువుతారు? కొన్ని మార్చి, సినిమా వరసలు పెట్టుకొని రా, చూద్దాం."

"మార్చేదానికి ఇవి నీవీ కావు, నావీ కావు. మాకు పాతిక చాలు."

"పాతికా? పెండ్లి పత్రికలే అంతకన్నా ఎక్కువ కొట్టిస్తారు కదప్పా."

వాన వస్తుందన్న నమ్మకం లేకుండా ఏటా విత్తనం వేసేవాణ్ణి వెయ్యి కాపీలు చూపించి బెదిరిస్తాడట. నోటుబుక్కు లాక్కుని మెట్లు దిగాను. దిగేటప్పుడు ఆఖరి మెట్టు తప్పి పడ్డాననుకోండి, అది వేరే సంగతి. పడినా తల ఎత్తుకునే పడ్డాను.

ఎదురుగా డీటీపీ సెంటర్. అందులో కంప్యూటర్ ముందు కూర్చున్న అన్వర్ నా మోకాలి మట్టి దులిపి, సంగతంతా విని అన్నాడు:

"బెంగళూరులో ఒక కంపెనీ ఉండాదన్నా. మనం ఫైలు పంపితే కంప్యూటర్లో దాచి పెట్టుకుంటారు. పది కావాలంటే పది, ఒకటి కావాలంటే ఒకటి. అడిగినప్పుడల్లా అచ్చేసి పంపిస్తారు. దిద్దరు, మార్చరు. మనమిచ్చింది ఇచ్చినట్టే."

అడిగినప్పుడల్లా అడిగినంత. నాకు అక్షయపాత్ర కళ్ళ ముందు కనిపించింది. పురాణం విన్నవాడికి ఇలాంటివి చప్పున అర్థమవుతాయి.

"ఒక్క అచ్చరం విడిచిపెట్టొద్దు అన్వర్. ఒక్కటి చేర్చొద్దు. ఇది దైవకార్యం."

"అట్లనే అన్నా. మరి అంచుల్లో రాసినేటివి గుడక కొట్టాల్నా?"

రాగతాళాల గురించి అడుగుతున్నాడనుకున్నాను. "అవే ప్రాణం. అవి పోతే పాటే చెడిపోతాది. అన్నీ కొట్టు" అన్నాను గంభీరంగా. ఎంత గంభీరంగా అంటే, అన్వర్ ఇంకో ప్రశ్న అడగడానికి జంకాడు. పాపం, అతని తప్పు ఆవగింజంత కూడా లేదు. అట్ట మీదకు పెళ్ళి పత్రికల బొమ్మల్లోంచి రెండు అరటి చెట్లు తీసి పెట్టి, ఫైలు బెంగళూరుకు పంపాడు.

మూడు వారాలకు కంపెనీ నుంచి ఒకే ఒక్క పుస్తకం వచ్చింది. దాని పేరు ప్రూఫ్ కాపీ. దాన్ని చదివి, తప్పులుంటే చెప్పాలి, లేకపోతే "అంతా సరే" అని సంతకం చేసి పంపాలి. అప్పుడు మిగతావి అచ్చు వేస్తారు. లోకంలోని రచయితలందరూ ఆ పనే చేస్తారట. నేనేం చేశానంటే, స్నానం చేసి, పుస్తకానికి నాలుగు మూలలా పసుపు రాసి, కుంకుమ పెట్టి, పట్టుగుడ్డలో చుట్టి దేవుని గూట్లో పెట్టాను. కొత్త గ్రంథాన్ని ఏకాదశి నాడు పెద్దల చేతే మొదట తెరిపించాలి. మాలో అది నియమం.

నా భార్య నాగలక్ష్మి తలుపుకు ఆనుకుని చూస్తోంది.

"ఒక్కసారి తెరిచి చూడరాదా?"

"దేవుని పాటల్లో తప్పులు వెతకమంటావా?"

"దేవునివి కాదబ్బా, నువ్వు రాసిన దాంట్లో వెతుక్కోమంటాండా."

"నీకు నమ్మకం తక్కువ."

"నీ మీదనా, దేవుని మీదనా?"

నేను కలం అందుకున్నాను. "అంతా సరే" అని అందంగా సంతకం చేసి పంపేశాను. పాతిక పుస్తకాలు వచ్చాయి. వాటికీ పసుపు రాశాను.

ఏకాదశి ఉదయం మందిరం నిండిపోయింది. తాత తన చేతులతో మొదటి పుస్తకం తెరిచాడు. పేజీలు తడిమాడు, వాసన చూశాడు. "కొత్త బట్ట మాదిరి ఉండాదిరా" అని కళ్ళొత్తుకున్నాడు. అప్పుడు నా ఛాతీ ఎంత ఉబ్బిందంటే, హార్మోనియం ఒడిలో ఇమడలేదు.

పుస్తకం చూసి ముందు పాడే పని మద్దెల ఓబులేసు అల్లుడు గంగప్పకు ఇచ్చాం. అతను మడకశిర మనిషి, కన్నడ బడిలో చదివాడు. తెలుగు అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుతాడు, అర్థం జోలికి పోడు, గొంతు మాత్రం తేనె. మా భజనలో ముందువాడు ఏది పాడితే వెనకవాళ్ళు అదే పాడాలి, ఆలోచించకూడదు. ఆలోచిస్తే భక్తి తగ్గుతుందని మా పెద్దల అభిప్రాయం.

నేను కళ్ళు మూసుకుని వాయిస్తున్నాను. గంగప్ప ఎత్తుకున్నాడు:

"వానల సామీ వచ్చిపోరా, వాడిన చేను చూసిపోరా..."

డెబ్భై గొంతులు అందుకున్నాయి. తర్వాత అదే రాగంలో, అదే తేనెతో:

"ఈడ ఓబులేసు తాళం తప్పుతాడు, కనిపెట్టుకొని ఉండాల..."

డెబ్భై గొంతులూ, అందులో ఓబులేసు గొంతూ, పరవశంగా పాడాయి. రెండోసారి పాడేటప్పుడు అర్థమైందేమో, ఓబులేసు మద్దెల ఆగింది. అంటే నిజంగానే తాళం తప్పింది, సరిగ్గా నేను రాసిన చోటే.

అంచున పెన్సిలుతో రాసుకున్నవన్నీ అన్వర్ పాట వరసల్లోనే కలిపి కొట్టేశాడని మెరుపులా తట్టింది. గంగప్ప ఈలోపల పేజీ తిప్పి రెండో పాటలో పడ్డాడు. రామలక్ష్మక్క, మా భజనలో అందరికంటే పెద్ద గొంతు ఆమెది, కళ్ళు మూసి, చేతులెత్తి, ప్రాణం పెట్టి పలికింది:

"రామలక్ష్మక్క అందుకుంటే కప్పు రేకులు లేస్తాయి, ఎనక వరసలో కూకోబెట్టాల..."

"ఆపప్పా, గంగప్పా, ఆపప్పా" అని అరిచాను.

"ఆపప్పా, గంగప్పా, ఆపప్పా" అని మందిరమంతా పాడింది, తాళాలతో. ఆ వరస బాగుందని మూడుసార్లు తిప్పి పాడారు.

చివరికి హార్మోనియం ఒళ్ళోంచి తోసేసి గంగప్ప మీద పడి పుస్తకం మూశాను. అప్పటికి ఓబులేసు ఇంకో కాపీ అందుకున్నాడు.

"ఏమప్పా నరసింహులూ, నేను తాళం తప్పుతానా?"

"అది... నా గురుతు కోసం రాసుకుంటి అన్నా."

"గురుతు కోసమా. దేవుని పక్కనే రాసుకుంటివే."

"నన్ను ఎనక వరసలో కూకోబెడతావా?" అంది రామలక్ష్మక్క. ఆ మాటకు రేకులు నిజంగానే అదిరాయి. "ఉండు, ఇంకెవర్ని ఏమన్నాడో చూడు ఓబులేసన్నా."

ఓబులేసు పేజీలు తిప్పాడు. ఒక చోట ఆగాడు. అతని మొహంలో కోపం పోయింది. ఆ పేజీ ఏదో నాకు తెలిసిపోయింది.

"చదవద్దన్నా, నీకు దండం పెడతా."

"చదువు" అన్నాడు తిమ్మప్ప తాత.

ఓబులేసు మెల్లగా చదివాడు:

"బొక్కెన దిగె గాని నీరు తగలకపాయ, నా మొర దిగె గాని అడుగు తెలియకపాయ." తర్వాత కింది వరస: "తాత ఇది గురువు పాటంటాడు. నేను నమ్మను. ఇది తిమ్మప్ప తాత కట్టిన పాటే. పేరు లేకుండా పోవడం అన్యాయం."

తాత తాళాలు తీసి చాప మీద పెట్టాడు. కర్పూరం మీద చేసిన ఒట్టు, పాతిక కాపీల్లో, నా సంతకంతో సహా తప్పాను.

"తాతా, తప్పైపాయ. కొట్టు, తిట్టు. తాళాలు మాత్రం కింద పెట్టద్దు."

తాత చేత్తో తడిమి నా భుజం పట్టుకున్నాడు.

"నువ్వు రాసింది తప్పేరా" అన్నాడు. "అది నాది కాదు. మా గురువుదీ కాదు. మా సుంకమ్మది."

సుంకమ్మ తాత భార్య. పోయి పదేళ్ళు.

"ఎండిన బావి కాడ చేద వేస్తా పాడేది. నేను విని ఈడ పాడితి. ఎవరిదని అడిగిరి. ఆడమనిషి కట్టిన పాటంటే ఆ కాలంలో మందిరంలోకి రానిస్తురా? గురువుదంటి. ఒకసారి అబద్దమాడినాక, అన్నీ గురువువే అనాల్సి వచ్చె."

"అంటే ఇంకా ఉండాయా తాతా, అవ్వ కట్టినేటివి?"

"బాగుండేటివన్నీ ఆమెవే" అన్నాడు తాత.

రామలక్ష్మక్క ముందుకు వచ్చి, చాప మీది తాళాలు తీసి ఆయన చేతిలో పెట్టింది. "అట్లయితే ఆయమ్మ పేరుతోనే పాడు మామా. ఎవరొద్దంటారో నేను చూస్తా." ఎవరూ వద్దనలేదు. ఆమె గొంతు ముందు అనేవాళ్ళు లేరు.

మర్నాడే అన్వర్ దగ్గరికి వెళ్ళాను. ఫైలు దిద్ది, అట్ట మీద అరటి చెట్ల నడుమ "సుంకమ్మ పాటలు" అని పెట్టించాను. వెయ్యి కాపీలు వేసి ఉంటే ఆ తప్పు నా అటక మీద చెదలు పట్టేదాకా ఉండేది. పాతికే కదా, మళ్ళీ అడిగాం, మళ్ళీ ఇచ్చారు. పక్క ఊరి భజన పెద్దలు ఆ అట్ట చూసి మూతి విరిచారు. విరవనివ్వండి. మా మందిరంలో ఆ పాటలు ఆమె పేరుతోనే మొదలవుతాయి. ఓబులేసు తన మాట తీయించాడు. రామలక్ష్మక్క మాత్రం తనది ఉంచమని పట్టుబట్టింది, రేకులు లేచేది ఎంతమంది గొంతుకని అడిగింది. ఉంచాను.

ఇక నా ప్రతిజ్ఞ. పంచభూతాలు, పాతిక కాపీలు, అన్వర్ కంప్యూటర్ సాక్షిగా చెబుతున్నాను. ఇకమీదట ప్రూఫ్ కాపీ వస్తే ముందు చదువుతాను, ఆ తర్వాతే పసుపు రాస్తాను. మనుషుల గురించి నిజాలు పుస్తకం అంచున రాయనే రాయను. రాయాలనిపిస్తే నడిమధ్యన, లావు అక్షరాల్లో, పేరుతో సహా రాస్తాను.