లిఫ్టాయన చెప్పిన అర్థాలు

ఆసుపత్రి అడుగు అంతస్తులో, ఉతికిన దుప్పట్లు మడతపెట్టే గదిలో, మధ్యాహ్నం భోజనాల వేళ జరిగిన తగువు అది. లిఫ్టాయనా, బాయిలరాయనా మాటామాటా అనుకున్నారు. తగువు దేని గురించంటే ఒక చేప గురించి.

బాయిలరాయన దుప్పట్లకి వేడినీళ్ళు కాచే మనిషి. ఆయన గొంతు కూడా బాయిలరులాంటిదే, ఒకసారి కాగిందంటే మూత ఎగిరిపోవాల్సిందే. బైబిల్లో యోనాని మింగింది అచ్చమైన చేపేననీ, దానికి పొలుసులూ మొప్పలూ అన్నీ ఉన్నాయనీ, కాదన్నవాడు నేరుగా నరకానికి పోతాడనీ కేకలేశాడు. లిఫ్టాయన తన క్యారేజీ మూత నెమ్మదిగా బిగించి, చేప ఉన్నది సముద్రంలో కాదు, మనిషిలో అన్నాడు. ఆడవాళ్ళు మడతలు ఆపి మరీ చూశారు.

"అన్నా, చేప సముద్రంలో ఉంటే అది యోనా ఒక్కడి గొడవ. మనకెందుకు? వదిన పోయినప్పుడు నువ్వు ఆ బాయిలరు గదిలో తలుపేసుకుని కూర్చున్నావు. పిలిస్తే పలకలేదు. బయట ఎండో వానో నీకు తెలిసిందా? చేప కడుపంటే అదే. అందులోంచి నువ్వు బయటికొచ్చావు. ఆ కథ నీదేనన్నా."

బాయిలరాయన తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు. చెమటే తుడుచుకున్నాడని అందరూ మర్యాదగా అనుకున్నారు. చేప సంగతి మళ్ళీ ఎత్తలేదు.

ఆ గదికి పెద్దదిక్కు దుప్పట్లమ్మ. ఆమె అసలు పేరు జీతమిచ్చేవాళ్ళు కూడా మరిచిపోయారు. ఎదుటివాడి పోయిన పెళ్ళాన్ని అడ్డంపెట్టుకుని గెలిచాడు వీడు, అని ఆమెకి మనసులో చివుక్కుమంది. అయినా గెలిచినవాడు గెలిచినవాడే. ఆ రోజు నుంచి అతన్ని 'ఒరే' అనడం మానేసి 'తమ్ముడూ' అనేది.

లిఫ్టాయన పని ఒక స్టూలు, ఒక మీట, ఒక ఇనప జాలీ తలుపు. పైన మసిపట్టిన బల్బు. కిటికీ లేని పెట్టెలో పొద్దస్తమానం కూర్చునే మనిషికి చూపు లోపలికి తిరగడంలో వింతేముంది? చిన్నప్పుడు ప్రార్థన మందిరంలో విన్న కథలన్నీ ఒక్కొక్కటే తీసి, తిరగేసి, లోపలి గుడ్డ చూపించడం మొదలుపెట్టాడు. ఐగుప్తంటే దేశం కాదు, మనం అలవాటుపడ్డ బానిసతనం. ఫరో అంటే రాజు కాదు, ఎన్ని దెబ్బలు తిన్నా వంగని మన మొండితనం. గొల్యాతంటే కొండంత యోధుడు కాదు, మన తలలో అరిచే పెద్ద గొంతు. ప్రభువు పుట్టిన పశువుల పాక మన గుండెలో మనమే అసహ్యించుకునే మూల, వెలుగు పుడితే అక్కడే పుడుతుంది. ఎక్కినవాళ్ళందరికీ చెప్పేవాడు. చక్రాల మంచం మీద తోసుకొచ్చిన రోగి కూడా తప్పించుకోలేడు, తలుపు వేసేది ఆయనేగా.

కాని ఆ మాటలు పనిచేసేవి. అది మాత్రం ఒప్పుకుని తీరాలి. దుప్పట్లమ్మ కోడలితో మాటలు మానేసి మూతి ముడుచుకుని తిరిగే రోజుల్లో, తప్పిపోయిన కొడుకు కథలో ఇంట్లోకి రానని బయటే నిలబడ్డ పెద్దకొడుకు నువ్వేనక్కా అన్నాడు. ఆమె నాలుగు తిట్టింది. సాయంత్రం కోడలి ఇంటికెళ్ళింది.

లిఫ్టాయన భార్య ఇంట్లో కుట్టుమిషను మీద ఆసుపత్రి దుప్పట్లకి మాసికలు వేసేది. నోట్లో నాలుక లేని మనిషి. మొగుడికి ఉన్నది ఇద్దరికీ సరిపోయేది. కుట్టినవి తెచ్చిచ్చి చిరిగినవి పట్టుకెళ్ళే ఆమె ఒకసారి, మాసికకి కూడా పనికిరాని పాతగుడ్డలు ఉంటే ఇవ్వమంది. ఎందుకని దుప్పట్లమ్మ అడిగింది. ఆమె నేల చూసింది. ఆగిపోయి ఎన్నో ఏళ్ళయింది, మళ్ళీ కనిపిస్తోంది వదినా, ఆగడం లేదు అంది. మొగుడికి చెప్పావా అంటే చెప్పానంది.

"ఏమన్నాడు?"

"పన్నెండేళ్ళు రక్తం పోయిన ఆవిడ కథ చెప్పారు వదినా. ఆవిడ వైద్యుల చుట్టూ తిరిగి ఉన్నదంతా పోగొట్టుకుని, చివరికి గుంపులో ప్రభువు అంగీ అంచు ముట్టుకుంటే ఆగింది కదా. పోయేది రక్తం కాదంట, మనసు. భయాల్లోంచీ ఆశల్లోంచీ కారిపోతూ ఉంటుందంట. గుంపులో తిరగడం మాని లోపల ఉన్న ఆ అంగీ అంచు ముట్టుకుంటే దానంతటదే ఆగుతుందన్నారు. రోజూ కళ్ళు మూసుకుని కూర్చుంటున్నాను."

"ఎన్నాళ్ళబట్టి?"

"పోయిన ఎండాకాలం నుంచి."

అప్పటికి మళ్ళీ ఎండలు ముదిరాయి.

దుప్పట్లమ్మ చేతిలోది కింద పడేసి, ఆమె రెక్క పట్టుకుని లిఫ్టు దగ్గరికి లాక్కెళ్ళింది. లిఫ్టాయన భార్యని చూసి ఇటెందుకొచ్చావన్నాడు. దుప్పట్లమ్మ మొహం చూసి ఏదో చెప్పబోయాడు.

"నువ్వు మాట్లాడకు తమ్ముడూ. మూడో అంతస్తు. మీట నొక్కు."

నొక్కాడు. ఆ పెట్టెలో నోరు మూసుకుని ఆయన పైకి వెళ్ళడం అదే మొదటిసారి అయ్యుంటుంది.

డాక్టరమ్మ పరీక్ష చేసి, చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది. కాన్సరు గర్భసంచిలో మొదలై ఎక్కడెక్కడికో పాకిపోయిందట. మొదట్లో వస్తే కోసి తీసేసేవాళ్ళమంది. ఆమె మంచిది, కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

"నేను రోజూ నీ లిఫ్టులోనే కదయ్యా వస్తాను," అంది. "ఒక్క మాట అడగలేకపోయావా?"

ఆసుపత్రిలో చేసేదేమీ లేదని ఇంటికి పంపేశారు. కుట్టుమిషను పక్కకి జరిపి మంచం వేశారు. ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. తిట్టలేదు, ఏడవలేదు. మందు ఇస్తే మింగింది, మొగుడు మాట్లాడితే కళ్ళు మూసుకుంది. ఆమె తనతో ఒక్క మాటైనా మాట్లాడకుండానే పోతుందేమోనన్న భయం ఆయన్ని తినేసింది. బాయిలరాయన రోజూ డ్యూటీ దిగాక ఒక బకెట్టు వేడినీళ్ళు మోసుకొచ్చి గుమ్మంలో పెట్టి వెళ్ళేవాడు. చేప గురించి ఒక్క ముక్క అనలేదు. అనలేదని లిఫ్టాయనకి మరింత నరకం.

ఆయన లిఫ్టులో మాటలు మానేశాడు. ఎక్కినవాళ్ళు అంతస్తు చెబితే మీట నొక్కుతాడు, అంతే. ఒకసారి దుప్పట్లమ్మ ఎక్కి, ఏం తమ్ముడూ, నువ్వు కూడా చేప కడుపులో పడ్డావా అంది. ఓదార్చడానికే అంది, ఆమె నోటికి ఓదార్పు కూడా అలాగే వస్తుంది. ఆయన తలుపు జాలీకేసి చూస్తూ, చేపా లేదు, సముద్రమూ లేదక్కా, నేను చెప్పినవేవీ లోపల లేవు, దిగి చూశాను, ఖాళీ అన్నాడు. ఆమె తన అంతస్తు రాగానే జాలీ తలుపు తనే లాక్కుని దిగిపోయింది.

తరవాత ఒక మధ్యాహ్నం ఆయనే మడతల గదికొచ్చాడు. స్టూలు వదిలి రావడం అంతకుముందెన్నడూ లేదు. మాసిన దుప్పట్ల మూట మీద కూలబడ్డాడు. మనిషి సగమయ్యాడు.

నిన్న నోరు విప్పిందక్కా, అన్నాడు. ఆ రక్తస్రావం ఆవిడ కథ చదివి వినిపించమని అడిగిందట. ప్రాణం లేచొచ్చి గబగబా పుస్తకం తెరిచాడట. ఆమె చెయ్యి చాపి పేజీ మీద పెట్టేసి, నువ్వు కాదు, నీ గొంతు కాదు అందట. మళ్ళీ గోడవైపు తిరిగిపోయిందట.

"నువ్వొచ్చి చదవక్కా."

దుప్పట్లమ్మ బడి మొహం చూసింది తక్కువ. దుప్పట్ల మీద ముద్రవేసిన వార్డుల పేర్లు చూసి కూడబలుక్కుని నేర్చుకున్న అక్షరాలు ఆమెవి. ఆ సంగతి ఒకరు ఎత్తితే ఆమెకి మా చెడ్డ పౌరుషం.

"నాకు చదువొచ్చని నీకెవడు చెప్పాడు? ఒక్కో అక్షరం తడుముకుంటూ చదివితే ఆ కథ అయ్యేసరికి పొద్దుగూకుతుంది. మందిరంలో పెద్దాయన్ని పిలుచుకో."

"ఆయన అర్థం చెబుతాడక్కా."

లిఫ్టాయన మూట ముడి విప్పుతూ, మళ్ళీ కట్టేస్తూ కూర్చున్నాడు. బయట లిఫ్టు గంట మోగుతోంది, ఎవరో పై అంతస్తులో పిలుస్తున్నారు. ఆయన లేవలేదు.

"మెల్లిగానే చదువు. ఎంతసేపైనా ఫరవాలేదు. ఆ ఆడమనిషికి నిజంగానే రక్తం పోయిందని చదువు. నిజంగానే ముట్టుకుందని చదువు. ఇంకేం కలపకు. నేను వంటింట్లో తలుపు వెనక కూర్చుంటాను, నేనున్నానని చెప్పకు. ఆ కథకి అర్థమేంటని అది నిన్ను అడిగితే, నాకు తెలీదని చెప్పక్కా."