టెక్కలి కాలేజీ చూపించిన మేస్టారు

మా చిన్నప్పుడు... టెన్త్ పరీక్షలకి ఇంకా రెండు నెలలుందనగా, ఒక శనివారం పొద్దున్నే సూర్యం మేస్టారు మా పదకొండుమందినీ పలాసలో టెక్కలి బస్సెక్కించారు. చేతుల్లో సత్తు క్యారేజీలు, తలలకి కారేంత కొబ్బరినూనె... ఎవరిదో పెళ్ళికి బయల్దేరినట్టున్నాం.

వెళ్ళింది కాలేజీలు చూడ్డానికి.

అప్పట్లో మా ఉద్దానం ఊళ్ళల్లో టెన్త్ అయ్యాక మగపిల్లలు బయటూళ్ళకి పనికి పోయేవారు. ఆడపిల్లలం పలాసలో జీడిపిక్కలు ఒలవడానికి వెళ్ళేవాళ్ళం. ఏదో ఒకరిద్దరు ఇంటర్‌లో చేరేవారు. ఇంకా వేరే చదువులుంటాయని మాకు చెప్పినవాళ్ళు లేరు. మాకు లెక్కలు చెప్పే సూర్యం మేస్టారు మాత్రం, "చెప్తే మీకు అర్థం కాదర్రా, చూద్దురుగాని రండి" అన్నారు.

ఐటీఐ చూశాం. నర్సింగ్ చదివే అక్కల్ని చూశాం. చివర్లో పాలిటెక్నిక్...

అక్కడ ఆవరణలో మూడు కాళ్ళ మీద ఒక దుర్భిణీ లాంటిది నిలబెట్టి ఉంది. రోడ్లూ కాలవలూ కొలిచే పరికరమట. నా బెంచీలో కూర్చునే ఢిల్లీశ్వరి దానికి కన్ను ఆనించి ఇక వదల్లేదు.

"ఒలే, ఆ సివరాకరి కొబ్బరిచెట్టుకి ఎన్ని గెలలున్నాయో లెక్కెట్టీసినాను" అంది నాతో.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో అందరం ఒకటే గోల. అది మాత్రం కిటికీ పక్కన కూర్చుని, దిగేముందు ఒక్కటే అడిగింది. "ఈ సదువుకి ఏ పరీచ్చ రాయాల మేస్టారూ?"

ఇద్దరం రాశాం. నిజం చెప్పాలంటే అది రాస్తోందని నేను రాశాను. దానికి నాకంటే మంచి ర్యాంకు వచ్చింది...

ఆ వేసవిలోనే వాళ్ళమ్మకి కిడ్నీలు పాడయ్యాయని తేలింది. మా వైపు ఇంటింటా ఉన్న జబ్బే అది, రక్తపరీక్షలో చూసే క్రియాటినిన్ అనే మాట చిన్నపిల్లలకి కూడా తెలుసు. వారానికి రెండుసార్లు శ్రీకాకుళం తీసుకెళ్ళి రక్తం శుద్ధి చేయించాలి. వాళ్ళ నాన్న అప్పన్న కొబ్బరి దింపులకి వెళ్ళేవాడు. ఇంట్లో ఇంకెవరూ లేరు.

కౌన్సెలింగ్‌కి ముందురోజు మేస్టారు నన్ను వెంటబెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళారు. అప్పన్న చాప పరిచాడు. ఢిల్లీశ్వరి తలుపు వెనక నిలబడింది.

"ఈ సీటు పోతే మళ్ళీ రాదు అప్పన్నా. ఆసుపత్రికి తోడెళ్ళడానికి ఎవర్నైనా చూద్దాం" అన్నారు మేస్టారు.

"ఎవుల్ని సూత్తారు మేస్టారూ? దీనమ్మని బస్సెక్కించాలన్నా, అక్కడ పక్కన కూకోవాలన్నా ఈ గుంటే." కోపం లేకుండానే అన్నాడు. "మీరు సూపించకపోతే అది అడిగీది కాదు. ఇప్పుడు ముద్ద ఎట్టుకోడం నేదు."

ఇచ్చిన మంచినీళ్ళు తాగకుండానే మేస్టారు లేచారు. నన్ను మా ఇంటిదాకా దిగబెట్టి వెళ్ళిపోయారు.

కౌన్సెలింగ్‌కి నేనొక్కదాన్నే వెళ్ళాను. సివిల్‌లో సీటొచ్చింది. ఢిల్లీశ్వరి కోరుకున్న చదువు... నేను చదివాను. మొదట్లో సెలవులకొచ్చినప్పుడల్లా అన్నీ అడిగేది. తర్వాత తర్వాత అడగడం మానేసింది.

వాళ్ళమ్మ రెండేళ్ళు కూడా బతకలేదు. ఢిల్లీశ్వరి జీడి పనిలో చేరింది. తర్వాత కంచిలి వైపు పెళ్ళి చేశారు. మళ్ళీ పరీక్ష రాయవే అని చెప్పడానికి నేను వెళ్ళలేదు. ఏ మొహం పెట్టుకుని వెళ్ళను...

మేస్టారు ఆ తర్వాత ఏ బ్యాచ్‌నీ ఎక్కడికీ తీసుకెళ్ళలేదు. ఒకసారి నేనే అడిగితే, "తీసుకెళ్ళి ఆశ పెట్టడమెందుకమ్మా" అని నల్లబల్ల తుడుచుకుంటూ ఉండిపోయారు. మా తర్వాత ఎంతమంది పిల్లలు ఏమీ చూడకుండానే బడి దాటిపోయారో...

పోయిన ఏడాది మేస్టారు పోయారు. అదే జబ్బు.

పెద్దకర్మ రోజు ఢిల్లీశ్వరి కంచిలి నుంచి వచ్చింది. వేళ్ళ చివర్లు జీడిపిక్కల నూనెకి నల్లబడి, తోలూడి ఉన్నాయి. భోజనాల పందిరి వెనక ఇద్దరం కూర్చున్నాం. ఇన్నేళ్ళకి అడిగాను. "ఆ రోజు ఆయన మనల్ని తీసుకెళ్ళకపోతే బాగుణ్ణు అని నీకెప్పుడైనా అనిపించిందా?"

"ఏటే ఆ మాట?" అని నావైపు వింతగా చూసింది. "మా అమ్మని వగ్గీసి నానే ఎల్లలేదు. దానికి ఆయనేటి సేత్తారు? నా బతుకులో బాగా గుర్తున్న రోజు అదొక్కటే."

మేస్టారు ఎందుకు మానేశారో అప్పుడు చెప్పాను. వాళ్ళ నాన్న మాట ఆయన మనసులో ఎలా ఉండిపోయిందో, నల్లబల్ల దగ్గర ఆయన ఏమన్నారో... అన్నీ.

కొంగుతో మొహం తుడుచుకుని, "నాకు తెలీదే. తెలిత్తే నడిసొచ్చి సెప్పీదాన్ని" అంది. నావైపు తిరిగి, "నీకు తెలుసు గదా" అంది.

అవును. నాకు తెలుసు. పద్నాలుగేళ్ళుగా తెలుసు. కంచిలికి బస్సెంతసేపు... ఎప్పుడూ ఎక్కలేదు. అయినా అది తప్పేమీ పట్టనట్టు నా చెయ్యి పట్టుకునే కూర్చుంది.

ఇప్పుడు మా ఊరి పిల్లలకి అన్ని కాలేజీలూ ఫోన్లోనే కనిపిస్తున్నాయి. రక్తం శుద్ధి చేసే చోటు కూడా దగ్గర్లోకే వచ్చింది. ఆ రోజు ఇవన్నీ ఉండుంటే... అనుకుంటాను, అనుకుని ఊరుకుంటాను.

మిమ్మల్ని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి "ఇదిగో, ఇలాంటిదొకటుంది" అని చూపించినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? వాళ్ళ పేరు కింద రాయండి. ఇంకా బతికే ఉంటే... ముందు వాళ్ళకి ఫోన్ చేసి, ఆ తర్వాత రాయండి.