సంపులోంచి అడిగిన మాట

"ఉండావా?"

"ఈడనే ఉండా. నువ్వు పండుకో."

ఆసుపత్రి మంచం మీద మా ఆయన, కింద నేల మీద నేను. మేము మాట్లాడుకున్న చివరి మాటలు ఇవే. తెల్లారేసరికి ఆయన లేడు.

దయ్యాలూ గియ్యాలూ నేను నమ్మను. నమ్మితే మద్రాసు రాయపురంలో ఒక గదిలో ఒంటరిగా ఎట్లా పడుకుంటాను? నాకు సంతకం పెట్టడం వరకే వచ్చు. అందుకే నేను చెబుతుంటే మా చెల్లెలి కూతురు శాంతి రాస్తోంది.

మా ఆయన అపార్ట్‌మెంట్లలో నీళ్ల సంపులు కడిగేవాడు. నేను పైన మూత దగ్గర తాడు పట్టుకుని కూర్చునేదాన్ని. లోపలి నుంచి మాటిమాటికీ "ఉండావా?" అని అడిగేవాడు. నేను "ఉండా" అనాలి. అడగడం ఆగిపోతే తాడు లాగాలి. అదే మా పద్ధతి. ఒక్కోసారి, "ఉండావా, ఎవురితోనన్నా లేచిపోయినావా?" అనేవాడు.

"నిన్ను పైకి లాగినాక పోతాలే" అనేదాన్ని.

ఆయన పోయాక తొండియార్‌పేటలో ఒక అపార్ట్‌మెంటులో మెట్లు ఊడ్చే పనిలో చేరాను. పోయిన ఎండాకాలం దోమలూ, నీళ్ల తొట్లూ తనిఖీ చేయడానికి ఒక ఆఫీసరమ్మ వచ్చింది. వెనకవైపు వాడకుండా మూసేసిన పాత సంపు ఉంది. మూత తీయించి, అడుగున మురుగు ఉంది కదా అని ఆవిడ అడిగింది. సెక్రటరీ అప్పటికప్పుడు సెల్వం అనే కూలీని పిలిచి దిగమన్నాడు. పిల్లలు గలవాడు. తాడు లేదు, పైన కూర్చునే మనిషి లేడు. నేను చీపురు పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాను. పట్టపగలు.

సెల్వం ఒక కాలు లోపల పెట్టాడు.

"ఉండావా?"

సంపులోంచే వచ్చింది. మా ఆయన గొంతే. ఆ బొంగురు, చివర్న ఆ సాగదీయడం, నేను పోల్చుకోలేనా?

నాకొక్కదానికే వినబడి ఉంటే మతి చెదిరిందనుకునేదాన్ని. సెల్వానికి తెలుగు రాదు. కాలు వెనక్కి లాక్కుని, "ఉళ్ళ యారో ఇరుక్కాంగ, అక్కా" అన్నాడు, లోపల ఎవరో ఉన్నారని. మగమనిషి గొంతు తనూ విన్నానంది ఆఫీసరమ్మ. టార్చి వేసి చూశారు. ఎవరూ లేరు. లోపలికి వేరే దారీ లేదు.

ఆవిడకు ఏం తోచిందో, బకెట్లో కొవ్వొత్తి వెలిగించి దింపించింది. సగం పోయేసరికి ఆరిపోయింది. మళ్ళీ దింపితే మళ్ళీ ఆరింది. లోపల మంచి గాలి లేదు, దిగి ఉంటే మనిషి తిరిగి వచ్చేవాడు కాదని సెక్రటరీ మీద కేకలేసింది. సెల్వం మూత ఈడ్చి సంపు మూసేశాడు.

నేను "ఉండా" అనాల్సింది. అందరూ పోయాక, మూసేసిన మూత మీదికి వంగి చెప్పాను. మళ్ళీ మళ్ళీ చెప్పాను. ఏ సడీ రాలేదు.

అదేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. సెల్వం కోసం వచ్చాడో, నా కోసం వచ్చాడో, అదీ తెలియదు.

అంతే పాపా. రాసిందంతా ఒక తూరి చదివి వినిపించు. తొందర పడొద్దు, మెల్లిగా చదువు. ఈ ఇంట్లో ఇంకో మనిషి గొంతు విని చాన్నాళ్లాయె.