మిరపచేలో నా మొహం

మా మిరపచేలో దిష్టిబొమ్మకి ఉన్నది నా మొహమే. ఎగతాళికి అనడం లేదు. నా ముక్కు, నా గడ్డం, నా బుగ్గలు అచ్చు దిగిన తెల్ల ప్లాస్టిక్ మాస్కు అది. గుంటూరు ఆస్పత్రిలో నా తలకి కరెంటు పెట్టినప్పుడు వాడింది.

కరెంటు పెట్టడమంటే షాకు కాదు, రేడియేషన్‌కి మా వైపు అదే పేరు. తలలో గడ్డ ఆపరేషన్ చేసి తీశాక, మిగిలిందేమన్నా ఉంటే చావడానికి పెట్టారు. వేడినీళ్ళలో మెత్తబడ్డ వలలాంటి ప్లాస్టిక్‌ని మొహమ్మీద పరిచి, గట్టిపడేదాకా ఒత్తి పట్టుకున్నారు. తర్వాత వెళ్ళిన ప్రతిసారీ దాన్ని తొడిగి, బల్లకి బిగించేవాళ్ళు. కదలకూడదు, నోరు విప్పకూడదు. నా జన్మలో నోరు విప్పకుండా ఉన్నది ఆ బల్ల మీదే. రోట్లో తలపెట్టాక రోకటిపోటుకి వెరిస్తే ఎలా అనుకునేదాన్ని గానీ, లోపల ఊపిరాడక చచ్చేదాన్ని.

అంతా అయ్యాక మాస్కు మాకే ఇచ్చేశారు. పారేయడానికి అత్తమ్మకి మనసొప్పలేదు. "కోడలి మొహాన్ని చెత్తకుప్పలో వేస్తామా?" అని చూరుకి తగిలించింది.

గడ్డ పోయిందన్నారు. డాక్టరు ఇంకో మాట కూడా చెప్పాడు. "కరెంటు చుట్టూ ఉన్న మంచి మెదడుకీ కొంత తగులుతుందమ్మా. కొన్ని నెలలు పోయాక మతిమరుపు రావచ్చు, పనిలో నిదానం రావచ్చు." పక్కచేలో కలుపుమందు కొడితే గాలికి మన మొక్కా మాడుతుంది, అది నాకొకరు చెప్పక్కర్లేదు. అయినా నాకు రాదులే అనుకున్నాను.

వచ్చింది. పాతవన్నీ పదిలం. నా పెళ్ళిలో పప్పు మాడ్చిన వంటాయన్ని మా నాన్న తిట్టిన తిట్లు ఇప్పటికీ అప్పజెప్పగలను. కొత్తవే నిలవవు. పొయ్యి మీద ఏం పెట్టానో, పొద్దున ఎవరు ఫోన్ చేశారో తెలీదు. గరిట చేత్తో పట్టుకుని దాని పేరు కోసం తడుముకుంటాను. ఇంట్లోవాళ్ళు జాలిగా ఆ పేరు అందిస్తారు. ఆ జాలి చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

ఆ ఏడే మేము ఎన్నాళ్ళుగానో చేస్తున్న కౌలుచేను వదిలి, రోడ్డవతల ఇంకోటి పట్టాం. మా ఆయన ఎన్నిసార్లు బండి మీద తీసుకెళ్ళినా ఆ దారి నా తలకెక్కలేదు. ఒకరోజు అన్నం క్యారేజీ పట్టుకుని ఒక్కదాన్నే బయల్దేరాను. చేరాను, గట్టున క్యారేజీ పెట్టాను, కొంగు బిగించి పండుకాయలు కోయడం మొదలుపెట్టాను. ఒడి నిండబోతుంటే వెనక నుంచి ఒకమ్మాయి కేక.

"ఏందక్కా, మా చేలో కోస్తన్నావు?"

నా కాళ్ళు పాత చేనుకే తీసుకెళ్ళాయి. ఆ చేనిప్పుడు ఆ అమ్మాయి వాళ్ళది. కాయలు వాళ్ళ గోతంలోనే పోసి తల దించుకుని వచ్చేశాను.

ఆ సాయంత్రమే మా ఆయన ఇంటి గేటుకి తాళం వేశాడు. "చీమకుర్తి రాళ్ళ లారీలు తిరిగే రోడ్డే అది. నీకేదన్నా అయితే?" అన్నాడు. తప్పనలేను. కానీ బుద్ధెరిగిన దగ్గర్నుంచీ చేలో బతికినదాన్ని, గేటు ఊచలు చూస్తూ ఎన్నాళ్ళుంటాను? ఆస్పత్రిలోనైతే కాసేపటికి మాస్కు విప్పేవాళ్ళు. ఇక్కడ విప్పేవాళ్ళే లేరు. రోజూ పోట్లాడాను. చివరికి ఆయన దిగొచ్చాడు.

"సరే, ఒక్కసారి చూద్దాం. ఈసారి దారి తప్పావో, ఇంక అడగబాక."

ఆయనా అత్తమ్మా ముందు చేనుకి వెళ్ళారు. నేను వెనక బయల్దేరాను. రోడ్డు దాటేదాకా బాగానే ఉంది. దాటాక చేలకి పోయే డొంకదారి రెండుగా చీలింది. ఎటు చూసినా పండిన మిరపచేలే, అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. నిలబడ్డచోటే ఏడుపొచ్చింది. అప్పుడు కుడిపక్క చేల మధ్య గుంజ మీద నా మొహం కనిపించింది. మా ఆయన పాత చొక్కా, బొగ్గుతో దిద్దిన కోరమీసాలు! కాపు మీద నలుగురి కళ్ళూ పడుతున్నాయని అత్తమ్మే చూరు నుంచి తీసి పెట్టించిందట. ఆ మాస్కంటే నాకు అసహ్యం. అయినా తప్పిపోయిన పిల్ల తల్లిని చూసినట్టు పరిగెత్తాను.

"దారి గుర్తు పెట్టుకుందిరా!" అని అత్తమ్మ మురిసిపోయింది. నేను కాదనలేదు. గేటు తాళం తీశారు.

కోతలయ్యాయి. కాయలు ఆ చేను పక్కనే కల్లంలో ఆరబోశాం, రోజూ వెళ్ళాల్సిందే. మొన్న మిరపకట్టె పీకేశాక, దిష్టిబొమ్మని కూడా పీకెయ్యమంది అత్తమ్మ. మా ఆయన గుంజ మీద చెయ్యి వేశాడు.

"ఉండనీవయ్యా," అన్నాను.

"మోడు చేనుకి దిష్టేందే? దీన్ని చూస్తేనే ఏడ్చేదానివిగా?"

నిజం చెబితే మళ్ళీ తాళం. చెప్పకపోతే దారి పోతుంది. నోరు తెరిచి అలాగే నిలబడ్డాను. ఈసారి మాట దొరక్క కాదు.

ఆయన నా వంక చూశాడు. తర్వాత డొంక వంక చూశాడు. గుంజ పీకి, అంతకంటే పొడుగాటి సరుగుడు కర్రకి ఆ మొహాన్ని కట్టి, డొంక చీలే వైపుకి తిప్పి పాతాడు.

తాళం మాట ఇద్దరం ఎత్తలేదు.